మంటలు తగ్గితే ఫైరింజన్లూ తగ్గించాలా? లండన్ కోతలు నేర్పిన లెక్క

2013 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం ఒక నివేదికను బయటపెట్టింది. రాసిన సర్ కెన్ నైట్ అగ్నిమాపక శాఖకు కొత్త కాదు. లండన్ ఫైర్ బ్రిగేడ్‌కు కమిషనర్‌గా, ఆ తర్వాత ప్రభుత్వానికి ముఖ్య అగ్నిమాపక సలహాదారుగా పనిచేసిన మనిషి. గత పదేళ్లలో ఇంగ్లాండ్‌లో ఫైర్ సర్వీసు వెళ్లాల్సిన ఘటనలు 40 శాతం తగ్గాయని, ఖర్చు, ఫైర్‌ఫైటర్ల సంఖ్య మాత్రం దాదాపు ఉన్నచోటే ఉన్నాయని ఆయన తేల్చారు. అప్పటికే పొదుపు బడ్జెట్ల కాలం నడుస్తోంది. కోతలు కోరుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఆ అంకెలో తప్పేమీ లేదు. ఇంగ్లాండ్‌లో 2003-04లో 4.7 లక్షలకు పైగా అగ్ని ప్రమాదాలు నమోదైతే, 2012-13 నాటికి అవి ఇంచుమించు మూడో వంతుకు పడిపోయాయి. ఎందుకు పడిపోయాయన్నదే అసలు విషయం. 1988లో నూటికి ఎనిమిది ఇళ్లలోనే ఉన్న స్మోక్ అలారం, 2008 వచ్చేసరికి 86 శాతం ఇళ్లకు చేరింది. అదే 1988లో సోఫాలు, పరుపులు తేలిగ్గా అంటుకోకుండా ఉండాలని చట్టం వచ్చింది. సిగరెట్లు తాగేవాళ్లు తగ్గారు. వీటన్నిటితో పాటు ఫైర్‌ఫైటర్లు ఇంటింటికీ తిరిగారు. ముసలివాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్లలో అలారాలు వాళ్లే బిగించారు. మంట వచ్చాక పరుగెత్తడం ఒక్కటే పని కాదని, రాకుండా చూడటమూ తమ పనేనని ఆ శాఖ నమ్మి చేసింది. ఆ పని ఫలించింది. ఫలించినందువల్లే, అది చేసిన మనుషులు పద్దుల్లో అదనంగా కనిపించడం మొదలైంది.

ఈ శాఖల్లో సిబ్బందిని తగ్గించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. ఫైర్ సర్వీసు పనిని ఏడాదికి ఎన్ని కాల్స్ వచ్చాయన్న లెక్కతో కొలుస్తారు. ఆ శాఖను నిలబెట్టుకునేది మాత్రం ఏడాదిలో వచ్చే కొన్ని చెడ్డ రాత్రుల కోసం. ఈ రెండూ ఒకటి కావు.

లండన్ కథను అర్థం చేసుకోవాలంటే అంతకు ముందు జరిగిన ఒక మార్పును చూడాలి. దానికి వార్తల్లో పెద్దగా చోటు దొరకలేదు. బ్రిటన్‌లో దశాబ్దాల పాటు దేశమంతటికీ ఒకే రకం ప్రమాణాలు ఉండేవి. ప్రతి ప్రాంతాన్నీ ముప్పును బట్టి వర్గీకరించేవారు. కిక్కిరిసిన నగర కేంద్రమైతే రెండు ఇంజన్లు 5 నిమిషాల్లో, మూడోది 8 నిమిషాల్లో చేరాలి. ఆ కింది వర్గమైతే ఒకటి 5 నిమిషాల్లో, ఇంకొకటి 8 నిమిషాల్లో. పల్లెలకు 20 నిమిషాలు. 2004 నాటి చట్ట సంస్కరణలతో ఈ జాతీయ ప్రమాణాలు పోయాయి. వాటి స్థానంలో ఏ బ్రిగేడ్‌కు ఆ బ్రిగేడే తన ప్రాంతంలోని ముప్పును అంచనా వేసుకుని ప్రణాళిక రాసుకునే పద్ధతి వచ్చింది. ఆలోచన మంచిదే. ఇళ్లలో ప్రాణాలు పోతుంటే ఖాళీగా ఉండే ఆఫీసు వీధులకు ఎక్కువ ఇంజన్లు కేటాయించే పాత పద్ధతికి లోపాలు ఉన్నాయి. కానీ ఆ పాత ప్రమాణం ఇంకో పని కూడా చేసేది. డబ్బు కొరత వచ్చినప్పుడు ఇంతకంటే దిగడానికి లేదని చెప్పే గీత అది. గీతను తుడిచేసిన ఆరేళ్లకు డబ్బు కొరత వచ్చింది.

2010-11 నుంచి 2015-16 మధ్య ఇంగ్లాండ్‌లోని ఫైర్ అథారిటీలకు ప్రభుత్వ నిధులు ధరల పెరుగుదల లెక్కలోకి తీసుకుంటే సగటున 28 శాతం తగ్గాయని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. లండన్‌లో అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్. బ్రిగేడ్ మొదట 12 స్టేషన్లు మూసి 18 ఇంజన్లు తీసేద్దామని ప్రతిపాదించింది. ప్రజాభిప్రాయం తీసుకున్నాక క్లాపమ్, న్యూ క్రాస్ స్టేషన్లు బతికాయి. 10 స్టేషన్లు, 14 ఇంజన్లు, 552 ఫైర్‌ఫైటర్ పోస్టులు పోయాయి. నగర ఫైర్ అథారిటీ సభ్యులు ఈ ప్రణాళికకు వ్యతిరేకంగా ఓటు వేస్తే, మేయర్ తన అధికారంతో ఆదేశం ఇచ్చి దాన్ని అమలు చేయించారు. నగరంలోని ఏడు బరోల (స్థానిక పాలనా విభాగాల) కౌన్సిళ్లు హైకోర్టుకు వెళ్లాయి. 2013 డిసెంబర్‌లో కోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది. 2014 జనవరి 9 ఉదయం షిఫ్ట్ మారే వేళకు పది స్టేషన్లూ మూతపడ్డాయి. అందులో క్లర్కెన్‌వెల్ స్టేషన్ 1872 నాటిది, అప్పటికి దేశంలో పనిచేస్తున్న వాటిలో అన్నిటికంటే పాతది.

కోత అక్కడితో ఆగలేదు. 2013 ఆగస్టులో, పెన్షన్ల మీద సమ్మె జరగవచ్చని, ప్రత్యామ్నాయ సిబ్బంది వాడుకోవడానికి 27 ఇంజన్లను స్టేషన్ల నుంచి తీసి పక్కన పెట్టారు. తాత్కాలికమే అన్నారు. వాటిలో 14 స్టేషన్ల మూసివేతతో లెక్కలో కలిసిపోయాయి. మిగిలిన 13 తిరిగి రానేలేదు. 2016లో వాటినీ శాశ్వతంగా తొలగించారు. అలా 169 ఇంజన్ల నగరం 142 ఇంజన్ల నగరమైంది. అవి లేకుండానే రెండున్నరేళ్లు గడిచాయి కదా అన్నది ఆ చివరి కోతకు చూపిన కారణాల్లో ఒకటి. అత్యవసర సేవల్లో 'తాత్కాలికం' అన్న మాట విన్నప్పుడు జాగ్రత్తపడాల్సింది ఇందుకే. స్కాట్లాండ్‌లో 2023 సెప్టెంబర్‌లో పది స్టేషన్ల నుంచి రెండో ఇంజన్‌ను తీసేసినప్పుడూ వాడింది ఇదే మాట.

కోతలను సమర్థించినవాళ్ల ప్రధాన వాదన సగటు సమయం. లండన్‌లో మొదటి ఇంజన్ సగటున 6 నిమిషాల్లో, రెండోది 8 నిమిషాల్లో చేరాలన్నది లక్ష్యం. కోతల తర్వాత కూడా నగరమంతా కలిపి చూస్తే ఆ లక్ష్యం నెరవేరుతూనే ఉంది. ఇది నిజం. ఇంత పెద్ద కోత పడినా సగటు ఎందుకు పెద్దగా కదల్లేదు? దీనికి గణితంలో సమాధానం ఉంది. అది తెలిసినవాళ్లు ఈ సగటు చూసి ఊరట చెందరు.

1970లలో న్యూయార్క్ నగరం తన ఫైర్ స్టేషన్ల అమరికను రాండ్ అనే పరిశోధన సంస్థ నిపుణులతో లెక్కలు కట్టించింది. అప్పుడు పీటర్ కొలెసార్, ఎడ్వర్డ్ బ్లమ్ అనే ఇద్దరు 1973లో ఒక సూత్రం ప్రచురించారు. ఒక ప్రాంతంలో మంట దగ్గరికి అందరికంటే ముందు చేరే ఇంజన్ ప్రయాణించే సగటు దూరం, అక్కడ అందుబాటులో ఉన్న ఇంజన్ల సంఖ్య తాలూకు వర్గమూలానికి విలోమంగా మారుతుందన్నది దాని సారం. అంటే ఇంజన్లను సగానికి సగం తగ్గించినా దూరం రెట్టింపు కాదు, 41 శాతమే పెరుగుతుంది. లండన్‌కు ఈ సూత్రాన్ని ఉజ్జాయింపుగా పెట్టి చూడండి. 169 నుంచి 142కి తగ్గితే సగటు దూరం 9 శాతం పెరుగుతుంది, అంతే. ట్రాఫిక్‌లో, సిగ్నళ్లలో, సిబ్బంది ఇంకాస్త త్వరగా బయల్దేరడంలో ఆ 9 శాతం సర్దుకుపోవచ్చు. సగటు చెక్కుచెదరలేదని ప్రకటించవచ్చు.

అయితే ఆ సూత్రంలో ఒక మాటను జారవిడవకూడదు. అది లెక్కించేది ఉన్న ఇంజన్లను కాదు, అందుబాటులో ఉన్నవాటిని. ఒక రాత్రి నగరంలో 80 ఇంజన్లు అప్పటికే పనిలో ఉన్నాయనుకుందాం. పాత లండన్‌లో ఇంకా 89 మిగిలి ఉండేవి, కొత్త లండన్‌లో 62 మిగులుతాయి. ఇప్పుడు తేడా 9 శాతం కాదు, 20 శాతం. పనిలో ఉన్నవి 110 అయితే పాత లెక్కలో 59, కొత్త లెక్కలో 32. తేడా 36 శాతానికి చేరుతుంది. మామూలు రోజున కంటికి కనిపించని కోత, నగరానికి ఇంజన్లు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన రాత్రి నాలుగు రెట్ల బరువుతో బయటపడుతుంది. ఏడాది సగటులో ఆ రాత్రి ఒకటే రాత్రి. మిగిలిన మూడు వందల అరవై నాలుగూ దాన్ని కప్పేస్తాయి.

అలాంటి రోజు లండన్‌కు రానే వచ్చింది. 2022 జూలై 19న బ్రిటన్‌లో ఉష్ణోగ్రత చరిత్రలో తొలిసారి 40 డిగ్రీలు దాటింది. మామూలుగా రోజుకు మూడు నాలుగు వందల కాల్స్ వచ్చే లండన్ ఫైర్ బ్రిగేడ్‌కు ఆ రోజు 2,600కు పైగా వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిగేడ్‌కు అంత పని పడిన రోజు అదేనని మేయర్ సాదిక్ ఖాన్ చెప్పారు. నగరం తూర్పు అంచున ఉన్న వెన్నింగ్టన్ ఊళ్లో ఎండిన గడ్డి అంటుకుని, మంట ఇళ్ల వరుసల మీద పడి, పద్దెనిమిది దాకా ఇళ్లు బూడిదయ్యాయి. ఆ రోజు సిబ్బంది చాలక 39 ఇంజన్లు కదల్లేకపోయాయని ఫైర్ బ్రిగేడ్స్ యూనియన్ ఆరోపించింది. ఇంజన్ షెడ్డులో ఉన్నా నడిపేవాళ్లు లేకపోతే లెక్కలో అది లేనట్టే.

నలుగురు ఎక్కితేనే ఇంజన్ ఎందుకు కదలాలి, రెండోది ఎందుకంత ముఖ్యం అన్న ప్రశ్నకు జవాబు మంట దగ్గర జరిగే పనిలో ఉంది. నలుగురితో మొదటి ఇంజన్ వచ్చిందనుకోండి. ఒకరు ఇన్‌ఛార్జి, పరిస్థితి చూసి నిర్ణయాలు చెప్పాలి. డ్రైవరే పంపు ఆపరేటర్, ఆయన ఇంజన్ దగ్గర నుంచి కదలకూడదు. మిగిలిన ఇద్దరు గాలి సిలిండర్లు తగిలించుకుని లోపలికి వెళ్లాలి. మరి లోపలికి వెళ్లినవాళ్ల సిలిండర్‌లో ఎంత గాలి ఉంది, ఎప్పుడు బయటికి రావాలి అని బోర్డు మీద రాసుకుంటూ కనిపెట్టే మనిషి ఎవరు? వాళ్లు లోపల చిక్కుకుంటే కాపాడటానికి సిద్ధంగా ఉండే ఇద్దరు ఎవరు? ట్యాంకులో నీళ్లు నిమిషాల్లో అయిపోతాయి, వీధిలోని హైడ్రెంట్‌కు పైపు కలిపేది ఎవరు? వీటన్నిటికీ రెండో ఇంజన్ కావాలి. అది ఆలస్యమైతే మొదటి ఇంజన్ వాళ్ల ముందు ఉండేవి రెండే దారులు. నిబంధన పాటించి బయట ఆగడం, లేదంటే ప్రాణాలకు తెగించి లోపలికి దూకడం. మూడో అంతస్తు కిటికీలో మనిషి కనిపిస్తుంటే వాళ్లు ఏం చేస్తారో ఎవరైనా ఊహించగలరు. అంటే రెండో ఇంజన్‌ను తగ్గించినప్పుడు పెరిగే ముప్పులో ఎక్కువ భాగాన్ని ఫైర్‌ఫైటర్లే తమ ఒంటి మీద వేసుకుంటారు. మొదటి ఇంజన్ సగటు సమయంలో అది కనపడదు.

దీనికి అవతలి వైపు వాదనను కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కోతల తర్వాత లండన్‌లో అగ్ని ప్రమాద మరణాలు ఏడాదికేడాది ఎగబాకాయని చెప్పడానికి ఆధారం లేదు. సాదిక్ ఖాన్ మేయర్ అయ్యాక ఆంథొనీ మేయర్ (ఇది ఆయన పేరే, పదవి కాదు) అనే అధికారితో 2016లో స్వతంత్ర సమీక్ష చేయించారు. ఇప్పటి అవసరాలకు ఉన్న వనరులు సరిపోతాయనే ఆయన చెప్పారు, ఇక మీదట కోసేందుకు పెద్దగా ఏమీ లేదని కూడా చెప్పారు.

ఆ సమీక్ష వచ్చి ఏడాది కూడా తిరగకముందే, 2017 జూన్ 14 తెల్లవారుజామున లండన్‌లోని ఎత్తయిన నివాస భవనం గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయింది. 72 మంది చనిపోయారు. దీన్ని స్టేషన్ల మూసివేతకు నేరుగా ముడిపెట్టడం సరికాదు. అర్ధరాత్రి దాటాక 12:54కు కాల్ వస్తే, మొదటి ఇంజన్లు ఐదారు నిమిషాల్లో అక్కడ ఉన్నాయి. మంట అంతలా ఎగబాకడానికి కారణం భవనం బయటి గోడలకు తొడిగిన, లోపల పాలిథిలీన్ ఉన్న అల్యూమినియం పలకలు. కానీ సర్ మార్టిన్ మూర్-బిక్ 2019లో ఇచ్చిన విచారణ నివేదిక బ్రిగేడ్ వైఫల్యాలనూ ఎత్తి చూపింది. ఇంట్లోనే ఉండండి అన్న పాత సూచనను తెల్లవారుజామున 2:47 దాకా మార్చలేదు. దాదాపు గంట ముందే అందరినీ ఖాళీ చేయించాలన్న నిర్ణయం తీసుకుని ఉండాల్సిందని నివేదిక చెప్పింది. అలాంటి మంటను గుర్తుపట్టే శిక్షణ కమాండర్లకు లేదు. కంట్రోల్ రూమ్ కాల్స్ వరదలో మునిగిపోయింది. 2009లో లండన్‌లోనే లాకనల్ హౌస్ అనే ఫ్లాట్ల భవనం అంటుకుని ఆరుగురు చనిపోయినప్పుడు నేర్చుకోవాల్సిన పాఠాలు అమలు కాలేదు. ఆ రాత్రి అవసరమైన ఎత్తయిన నిచ్చెన బండి లండన్ బ్రిగేడ్ దగ్గర లేకపోతే, పక్కనున్న సర్రే నుంచి 42 మీటర్ల బండిని రప్పించారు.

సిబ్బంది కోతల మీద చర్చంతా స్టేషన్లు, ఇంజన్లు, నిమిషాల చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే వాటికి అంకెలున్నాయి. శిక్షణకు, భవనాల తనిఖీకి, జరిగిన ప్రమాదం నుంచి నేర్చుకునే తీరికకు అలాంటి అంకె లేదు. కాబట్టి బడ్జెట్ బిగుసుకున్నప్పుడు ముందు అవే చప్పుడు లేకుండా సన్నబడతాయి. ఇంగ్లాండ్‌లో ఫైర్ సర్వీసులు చేసిన భవన భద్రతా తనిఖీలు 2010-11లో 84 వేలకు పైగా ఉంటే, 2017-18కి 49 వేల చిల్లరకు దిగాయి. చాలా బ్రిగేడ్లు ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా, కొత్త నియామకాలు ఆపేసి, ముందస్తు విరమణలతో సంఖ్య తగ్గించుకున్నాయి. చూడటానికి ఇదే దయగల పద్ధతి. కానీ అలా ముందుగా వెళ్లిపోయేది పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు. మంట రంగు, పొగ కదలిక చూసి ఏదో తేడాగా ఉందని పసిగట్టే చూపు వాళ్లతో పాటే వెళ్లిపోతుంది. భవనం తలుపు తట్టి, గోడకు ఏం తొడిగారని అడిగే ఇన్‌స్పెక్టర్ పని కూడా ఇలాంటిదే. తయారు కావడానికి ఏళ్లు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక్క బడ్జెట్ చాలు.

మనుషులకు బదులు టెక్నాలజీ, చిన్న వ్యవస్థలకు బదులు పెద్ద వ్యవస్థ అన్న వాదన కూడా ఈ కాలమంతా వినిపించింది. దానికి అతి ఖరీదైన ఉదాహరణ ఫైర్‌కంట్రోల్ ప్రాజెక్టు. ఇంగ్లాండ్‌లోని 46 స్థానిక కంట్రోల్ రూములను తీసేసి తొమ్మిది ప్రాంతీయ కేంద్రాలు కట్టాలని 2004లో మొదలుపెట్టారు. స్థానిక బ్రిగేడ్లను ఒప్పించకుండా పైనుంచి రుద్దారు. కంప్యూటర్ వ్యవస్థ సిద్ధమయ్యే సూచనలు లేకపోయినా భవనాలు మాత్రం కట్టేశారు. 2010 డిసెంబర్‌లో రద్దు చేశారు. కనీసం 46.9 కోట్ల పౌండ్లు వృథా అయ్యాయని ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. వినియోగంలోకి రాని భవనాలకు ఏళ్ల తరబడి అద్దె కట్టారు. లండన్ కోసం మెర్టన్‌లో కట్టిన కేంద్రాన్ని మాత్రం తర్వాత బ్రిగేడ్ తన కంట్రోల్ రూముగా వాడుకుంది. కోతలతో మిగిల్చాలనుకున్న డబ్బు పక్కన ఈ మొత్తాన్ని పెట్టి చూస్తే బాధ కలుగుతుంది. ఊళ్లో ఏ సందులోకి ఇంజన్ పట్టదో, ఏ అపార్ట్‌మెంట్ గేటు రాత్రి తాళం వేసి ఉంటుందో తెలిసిన ఆపరేటర్ విలువను ఆ ప్రాజెక్టు పత్రాల్లో ఎవరూ లెక్క కట్టలేదు.

ఎవరి స్టేషన్ పోతుందన్నది ఇంకో ప్రశ్న. వర్గమూలం సూత్రం పుట్టిన న్యూయార్క్‌లోనే దీనికి కఠినమైన సమాధానం దొరుకుతుంది. ఆ లెక్కల ఆధారంగా 1972 నుంచి మూసిన ఫైర్ కంపెనీల్లో (ఒక ఇంజన్, దాని సిబ్బంది కలిస్తే అక్కడ ఒక కంపెనీ) చాలా భాగం సౌత్ బ్రాంక్స్ లాంటి పేద, కిక్కిరిసిన పేటలవి. స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒకటి తీసినా ప్రయాణ సమయం పెద్దగా పెరగదని మోడల్ చెప్పింది. అక్కడ స్టేషన్లు దగ్గరగా ఉన్నది రోజూ మంటలు వస్తున్నందుకే. పక్క కంపెనీ అప్పటికే ఇంకో మంట మీద ఉంటుందన్న సంగతిని ఆ లెక్క తక్కువగా చూసింది. 1970 నుంచి 1980 మధ్య బ్రాంక్స్‌లో ఏడు జనగణన విభాగాలు తమ భవనాల్లో 97 శాతానికి పైగా పోగొట్టుకున్నాయి. ఇంటి యజమానులు ఇళ్లను వదిలేయడం, బ్యాంకులు అప్పులివ్వకపోవడం వంటి కారణాలూ అందులో ఉన్నాయి. ఇంజన్ కంపెనీల కోత ఒక్కటే ఆ నష్టం తెచ్చిందనలేం. అయినా మంటలు ఉధృతంగా ఉన్న చోటే ఆర్పేవాళ్లను తగ్గించారన్నది కాదనలేని సంగతి. 1975లో బ్రూక్లిన్ విలియమ్స్‌బర్గ్‌లో ఇంజన్ 212ను మూసేయబోతే, పేటవాళ్లు స్టేషన్‌లోకి వచ్చి బైఠాయించారు. నెలల తరబడి కదలకుండా కూర్చుని 1977లో దాన్ని తిరిగి తెరిపించుకున్నారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా అది పనిచేసింది. 2003లో మరో ఐదు కంపెనీలతో పాటు మూతపడింది.

లండన్‌లో అలాంటి తిరిగి తెరవడం ఒక్కటీ జరగలేదు. జరగడం కష్టం కూడా. మూసిన స్టేషన్లలో ఎక్కువ భాగాన్ని అమ్మేశారు. వెస్ట్‌మినిస్టర్, నైట్స్‌బ్రిడ్జ్ లాంటి చోట్ల ఒకసారి చేయి దాటిన స్థలాన్ని మళ్లీ కొనే స్తోమత ఏ బ్రిగేడ్‌కూ ఉండదు. ఇంజన్ కావాలంటే కొన్ని నెలల్లో కొనవచ్చు, ఫైర్‌ఫైటర్‌ను కొన్నేళ్లలో తయారు చేసుకోవచ్చు, నగరం నడిబొడ్డున స్టేషన్ స్థలం మాత్రం తిరిగి రాదు. మంటలు తగ్గుతున్న దశాబ్దాన్ని ఆధారం చేసుకుని తీసుకున్న నిర్ణయం, ఎండలు మండే దశాబ్దాలకు కూడా కట్టుబాటుగా మారింది. 2011లో 82 లక్షలకు దగ్గరగా ఉన్న లండన్ జనాభా 2021 నాటికి 88 లక్షలైంది. ఇళ్లు ఇంకా ఎత్తుకు పెరుగుతున్నాయి. ఇంజన్లు 142 దగ్గరే ఉన్నాయి.